నోటితో ఊదొద్దు

"నోటితో ఊదొద్దని నీకెన్నిసార్లు చెప్పాలిరా?"

గొంతు మీద కత్తి ఆడుతుండగానే గద్దించాడు డాక్టరు. సెలూన్ ఆయన హడలిపోయి కత్తి వెనక్కి తీశాడు. పక్క కుర్చీలో ముఖం నిండా నురగతో ఉన్న మనిషి చేతిలోదాన్ని గబుక్కున ఒళ్లో దాచుకున్నాడు.

అతన్ని డిపార్ట్‌మెంట్‌లో పిల్లి అంటారు. అడుగు చప్పుడు కాకుండా నడుస్తాడని కొందరూ, ఉబ్బసం వల్ల ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయని కొందరూ చెబుతారు. రెండూ నిజమే. సీక్రెట్ ఏజెంట్‌కి మొదటిది ఎంత వరమో రెండోది అంత శాపం. లోకానికి మాత్రం అతను ఇన్సూరెన్స్ ఏజెంట్. సొంత అక్క కూడా అదే నమ్మి, కనబడినప్పుడల్లా పాలసీ అంటగడతాడేమోనని ముందే ముఖం చిట్లిస్తుంది.

"అలవాటు సార్. మూతి మూసుకుపోయిందీ, అందుకని..."

"అలవాటు కాదు, జాడ్యం. స్టవ్ బర్నర్ మూసుకుపోతే ఊదుతాం. పెన్ను రాయకపోతే ఊదుతాం. ఆఖరికి రిమోట్ పనిచెయ్యకపోయినా బ్యాటరీలు తీసి ఊదుతాం. ఊదినవాడు మరుక్షణం ఏం చేస్తాడు? గుండెల నిండా పీలుస్తాడు. అందులో మిగిలిందంతా ఒక్కసారి లోపలికి పోతుంది. అది మందు కాబట్టి సరిపోయింది."

అతను దాచుకున్నది డాక్టరు కనిపెట్టిన యంత్రమే. బొటనవేలంత ఉంటుంది. నాలుగు చుక్కల మందు పోసి మీట నొక్కితే, ఆ నాలుగు చుక్కలూ పొగకన్నా సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతాయి. గుక్కపట్టి పీల్చడం రాని పసిపిల్లల కోసం డాక్టరు జుట్టు నెరిసేదాకా కూర్చుని దాన్ని తయారుచేశాడు. ఈమధ్యే ఆయన లేబరేటరీ నుంచి ఒక యంత్రం మాయమైంది. ఆ వెంటనే బెదిరింపు ఫోన్లు మొదలయ్యాయి. బాడీగార్డులంటే ఆయనకి గిట్టదు. పిల్లిని మాత్రం ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు ఊపిరాడక నీలం తిరిగిపోతున్న ఈ తమ్ముణ్ణి వీపున మోసుకుని అక్క పరుగెత్తుకొచ్చింది ఆయన దగ్గరికే.

సెలూన్ గోడ మీద ఒక పెయింటర్ బొమ్మలు వేస్తున్నాడు. ముఖానికి మాస్కు, చేతిలో స్ప్రే గన్. గన్ మొరాయించింది. అతను మాస్కు గడ్డం కిందికి లాగి, గన్ మూతిలో 'ఉఫ్'మని ఊది, మాస్కు మళ్లీ పైకి లాక్కున్నాడు. పిల్లి అద్దంలోంచి అది చూసి సంబరపడ్డాడు.

"చూశారా సార్, నేనొక్కణ్ణే కాదు!"

"లోకమంతా ఇంతే" అని నిట్టూర్చాడు డాక్టరు. సెలూన్ ఆయన డాక్టరు ముఖం మీద వేడి తువ్వాలు పరిచి, ఇంకాస్త వేడినీళ్ల కోసం లోపలికి వెళ్లాడు.

పెయింటర్ స్టూలు దిగాడు. రంగు డబ్బా కోసం వస్తున్నట్టే వచ్చాడు. వస్తూ వస్తూ డాక్టరు తువ్వాలు కొస ఎత్తాడు. 'బుస్'మని చిన్న చప్పుడు. అగరువత్తి పొగంతైనా కనబడలేదు.

డాక్టరు ఛాతీ ఎగసింది. మళ్లీ ఎగసింది. తడి తువ్వాలు నోటికి అతుక్కుపోయింది. కాళ్లు కుర్చీ మెట్టుని టపటపా తన్ని, ఆగిపోయాయి.

పిల్లి ఊపిరి బిగబట్టి లేచాడు. లేస్తూనే స్ప్రే గన్ పిడి అతని చెంప మీద పడింది. పన్ను కదిలింది. కంట్లో ఎర్రరంగు, నోట్లో ఎర్ర నెత్తురు. చేతికందిన క్షౌరకత్తి విసురుగా ఆడించాడు. పెయింటర్ మణికట్టు నుంచి మోచేతి దాకా చొక్కా, చర్మం కలిసి విచ్చుకున్నాయి. వాడు మూలగలేదు. పిల్లి జుట్టు పట్టుకుని తలని అద్దానికేసి కొట్టాడు. అద్దం భళ్లున పగిలింది. కిందపడ్డవాడి డొక్కలో బూటు దిగింది. లోపలెక్కడో పుల్ల విరిగిన చప్పుడు పిల్లికి స్పష్టంగా వినబడింది. వేడినీళ్ల గిన్నెతో వచ్చిన సెలూన్ ఆయన్ని పెయింటర్ గాజుతలుపులోంచి వీధిలోకి గిరాటేసి, ఆయన మీదుగా దూకి, మోటార్‌సైకిల్ ఎక్కాడు.

సగం గడ్డం, మెడ చుట్టూ తెల్లగుడ్డ, చేతిలో నెత్తురు కత్తి. ఆ వాలకంతో పిల్లి వీధి మలుపుదాకా పరుగెత్తాడు. అక్కడ ఛాతీ మూసుకుపోయింది. మోకాళ్ల మీద కూలబడి, మోటార్‌సైకిల్ పొగ కళ్లముందే కరిగిపోవడం చూశాడు.

తిరిగొచ్చేసరికి సెలూన్ ఆయన అరచేతిలోంచి గాజుపెంకులు ఏరుకుంటున్నాడు.

"అన్నా... మిగతా సగం గీసెయ్యనా?"

పిల్లి డాక్టరు ముఖం మీది తువ్వాలు తీసి, పక్కనే నేలమీద కూర్చుని, బావురుమన్నాడు.

డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక డ్రైక్లీనింగ్ దుకాణం వెనక ఉంది. ఊరందరి కోట్లూ వేలాడుతున్న కొక్కేల మధ్యనుంచి నడిస్తే పెద్దాయన గది. పెద్దాయన అంటే చీఫ్. మాటలు సొంత జేబులోంచి తీసి ఇస్తున్నట్టు పొదుపుగా మాట్లాడతాడు. పక్కన స్టూలు మీద గాడ్జెట్లు తయారుచేసే మావయ్య. ఆయన ఎవరికీ మావయ్య కాదు. ఎప్పుడూ సణుగుతుంటాడని ఆ వరస కలిపేశారు.

"ముఠా పేరు తుంపర" అన్నాడు పెద్దాయన. "పరాయి దేశం. పెయింటర్ వాళ్ల హంతకుడు. దొంగిలించిన యంత్రంలో విషం పోసి డాక్టరు మీద పరీక్ష చేశారు."

"అంత కష్టపడి ఈ యంత్రమే ఎందుకు సార్?"

మావయ్య అందుకున్నాడు. "తుపాకీ తెస్తే డిటెక్టర్ అరుస్తుంది. బాంబు తెస్తే కుక్క అరుస్తుంది. నాలుగు చుక్కల విషం జేబులో వేసుకొస్తే ఎవరరుస్తారయ్యా? గది నిండా పరుచుకున్నాక అరవడానికి ఎవరూ మిగలరు."

"ఎక్కడ?"

"రేపు. పిల్లల ఆస్పత్రి ఆడిటోరియం" అన్నాడు పెద్దాయన. "ఎన్నో ఏళ్లుగా కొట్టుకుంటున్న రెండు దేశాలు. ఇద్దరు మంత్రులు. డాక్టరు యంత్రాన్ని రెండు దేశాల పిల్లలకీ ఉచితంగా ఇస్తారు. అదే స్టేజి మీద సంధి సంతకం. స్టేజి వెనక పెద్ద ఫ్యాను ఉంది. దాని ముందు పెయింటర్ యంత్రం నొక్కితే స్టేజి మీదివాళ్లంతా పోతారు. నీవల్లంటే నీవల్లని రెండు దేశాలూ మళ్లీ యుద్ధం."

"యంత్రం వాడకం ఎవరు చూపిస్తారు?"

పెద్దాయన కోటు గుండీ తిప్పాడు.

"హెడ్ నర్సు. స్టేజి మధ్యలో నిలబడి, అందరికంటే ముందు ఆవిడే పీల్చి చూపిస్తుంది."

ఆ హెడ్ నర్సు పిల్లి అక్క. అమ్మ పోయాక అమ్మ అయిన అక్క. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడల్లా "మా తమ్ముడికి రాత్రిళ్లు ఊపిరాడదు, వాణ్ణి వదిలి రాను" అని తిప్పిపంపిన అక్క.

"అందుకే ఈ కేసు నీకివ్వకూడదు" అన్నాడు పెద్దాయన.

"అందుకే నాకివ్వాలి సార్. లేదంటే సభ ఆపెయ్యండి."

"ఆపితే సంధీ ఆగుతుంది. తుంపరకి కావలసిందీ అదే."

"పోనీ అక్కతో చెప్పనివ్వండి."

"చెబితే ఆవిడ రావడం మానేస్తుందా?"

పిల్లి ఆలోచించాడు. "మానదు సార్. చీపురు పుచ్చుకుని మరీ వస్తుంది."

మావయ్య రెండు ఇన్‌హేలర్లు బల్లమీద పెట్టాడు. రెండూ నీలం రంగే. "ఎడమ జేబులోది నీ ఉబ్బసం మందు. కుడి జేబులోది కారం పొగ. ముఖాన కొడితే ఏనుగైనా కూలబడుతుంది."

"రెండిటికీ ఒకటే రంగేంటి మావయ్యా?"

"శత్రువుకి తేడా తెలియకూడదని."

"నాకు తెలియాలిగా!"

"నీకు జేబులున్నాయిగా" అని విసుక్కున్నాడు మావయ్య.

పెద్ద బట్టల దుకాణంలో, కింది అంతస్తులో, సెంట్ల కౌంటర్. దాని వెనక నిలబడ్డ మనిషిని చూడటానికే కొందరు మగాళ్లు భార్యల పేరు చెప్పి సెంటు కొంటారు. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు అత్తరు. తుంపర ముఠాలో కూడా అత్తరే. డబుల్ ఏజెంట్లలో కూడా ఇంత బహిరంగంగా రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు తక్కువ. పడకపోవడమే ఆమె అందం.

"వాన వాసనున్న సెంటు దొరుకుతుందా?" అన్నాడు పిల్లి. కోడ్ అది.

"గొడుగు పోగొట్టుకున్నవాళ్లకి దొరుకుతుంది." ఆమె చిన్న సీసా తీసి, నవ్వుతూ, పెదవులు కదలనట్టు మాట్లాడింది. "పెయింటర్ స్టేజి తెర వెనక ఉంటాడు. ఇంకా పెయింట్ పని మిగిలిందని పాసు తీసుకున్నాడు. రేపు సభకి హోస్టెస్‌ని నేనే. ఫ్యాను స్విచ్ నా గదిలో ఉంటుంది."

"ఆపెయ్."

"ఒక ఉపన్యాసం సేపు ఆపుతా. అంతకుమించితే మావాళ్లకి అనుమానం వస్తుంది."

"నిన్ను నమ్మమంటావా?"

"ఛ, నమ్మకు. నన్ను నేనే నమ్మను." అతని కాలర్ మీద సెంటు బుస్సుమనిపించింది. "ఇది ఫ్రీ."

ఆ ఘాటుకి పిల్లికి ఛాతీ పట్టేసింది. మెట్లు దిగుతూ మందు పీల్చి, ఇన్‌హేలర్ జేబులో పడేసుకున్నాడు. ఏ జేబులో పడేసుకున్నాడో చూసుకోలేదు.

కింద పార్కింగ్‌లో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు లావు, ఒకడు పొడుగు. పిల్లి పక్కనుంచి పోతుంటే పొడుగువాడు ముక్కు ఎగబీల్చి, "వీడే" అన్నాడు.

అత్తరు అమ్మేసిందన్నమాట! అనుకునేలోపే మెడకి సైకిల్ చైన్ బిగిసింది. వెనక పొడుగువాడు లాగుతున్నాడు, ముందు లావువాడు కడుపులో గుద్దుతున్నాడు, అదీ విరిగిన డొక్క మీదే. పిల్లి కుడి జేబులో చెయ్యి పెట్టి, ఇన్‌హేలర్ లాగి, లావువాడి నోట్లోకి కొట్టాడు.

లావువాడు కళ్లు మూసుకున్నాడు. గుండెల నిండా పీల్చాడు. ఎన్నాళ్లకో హాయిగా ఊపిరాడినవాడిలా కళ్లు తెరిచి, రెట్టింపు బలంతో గుద్దాడు.

"మావయ్యా..." అని మూలిగాడు పిల్లి. అదే జేబులో రెండోది తగిలింది. ఈసారి కళ్లలో కొట్టాడు. లావువాడు పొలికేక పెట్టి ముఖం రక్కుకుంటూ గోడకి గుద్దుకున్నాడు. పిల్లి రెండు కాళ్లూ కారు మీద తన్నిపెట్టి వెనక్కి తోశాడు. పొడుగువాడి తల సిమెంటు స్తంభానికి తగిలింది. చైన్ వదులైంది. వాడి చెయ్యి కారు తలుపు సందులో పెట్టి మూశాడు. మళ్లీ మూశాడు. లావువాడు గుడ్డిగా మీదికొస్తే అదే చైన్ చేతికి చుట్టుకుని దవడ పగిలేదాకా కొట్టాడు. కొడుతున్నంతసేపూ డాక్టరు కాళ్లు కుర్చీ మెట్టుని తన్నిన చప్పుడే చెవుల్లో ఉంది. ఇద్దరూ కదలడం మానేసినా అతని చెయ్యి కాసేపు ఆగలేదు. ఆ తరవాత తన చేతిని చూసుకుని తనకే వెగటేసింది.

మర్నాడు ఆస్పత్రిలో ఆక్సిజన్ సిలిండర్లు తోసుకొస్తున్న ఖాకీ చొక్కా మనిషిని ఎవరూ పట్టించుకోలేదు. సిలిండర్ తోసేవాణ్ణి ఎవరు ఆపుతారు? ఆపితే లోపలెవరికో ఊపిరి ఆగుతుందని భయం.

ఆడిటోరియం తలుపు సందులోంచి పిల్లి అక్కని చూశాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల యూనిఫాం. ఏడ్చిన కళ్లకి కాటుక దిద్దుకుంది. మైకువాణ్ణి నిలదీస్తోంది. "ఆ కీచుమనే చప్పుడేమిటయ్యా? పిల్లలు జడుసుకోరూ?" ముందు వరసల్లో చక్రాల కుర్చీల్లో పిల్లలు. వెనక వరసల్లో టై కట్టుకున్న పెద్దలు. అక్క వాళ్లనేమీ లెక్కచెయ్యలేదు. ఒక పాప ముక్కు తుడిచి స్టేజి ఎక్కింది. పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోవాలనిపించింది పిల్లికి. పళ్లు బిగించి స్టేజి వెనక్కి తిరిగాడు.

పెద్ద గుడ్డ తెర. దాని వెనక మనిషి పట్టేంత సందు. చెక్క చట్రాలు, రంగు బకెట్లు, గోడ గుంటలు పూడ్చే లప్పం ముద్ద ఉన్న రేకు పళ్లెం. చివర్న హోరుమంటూ ఫ్యాను. దాని పక్కన మాస్కు పెట్టుకుని, చేతికి కట్టుతో పెయింటర్. గుప్పిట్లో బొటనవేలంత యంత్రం. ఇంకా నొక్కలేదు. స్టేజి నిండాలని చూస్తున్నాడు.

పిల్లి చప్పుడు లేకుండా అడుగు వేశాడు. ఇంకో అడుగు. పచ్చి రంగు వాసన ముక్కుకి తగిలింది. ఛాతీలో సన్నగా, తియ్యగా, సరిగ్గా ఆకలేసిన పిల్లిపిల్లలా కూత మొదలైంది.

పెయింటర్ తల తిప్పాడు.

అలాంటి కొట్లాట పిల్లి జన్మలో ఎరగడు. ఇద్దరికీ చప్పుడు చెయ్యకూడదు. చప్పుడైతే స్టేజి ఖాళీ అవుతుందని వాడి భయం. చప్పుడైతే వాడు వెంటనే మీట నొక్కేస్తాడని ఇతని భయం. తెరకి అవతల మంత్రిగారి ఉపన్యాసం. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా ఇవతల ఒక దెబ్బ పడింది. శాంతి అన్న మాటకి పిల్లి ముక్కు పగిలింది. సోదరభావానికి పెయింటర్ చేతి కట్టు ఊడి గాయం మళ్లీ నోరు తెరిచింది. పిల్లి ఆ గాయంలో వేళ్లు దూర్చి తిప్పాడు. పెయింటర్ కళ్లలో నీళ్లు తిరిగాయి గాని నోరు మెదపలేదు. లప్పం గీకే ఇనుపరేకు అందుకుని, పిల్లి ఎడమ అరచేతిలో దించి, వెనకున్న చెక్క చట్రానికి మేకులా కొట్టాడు.

అవతల చప్పట్లు మారుమోగాయి. పిల్లి కేక ఆ హోరులో కలిసిపోయింది.

కుడిచెయ్యి ఇంకా ఖాళీగా ఉంది. యంత్రం పట్టుకున్న వాడి గుప్పిటని దాంతో ఒడిసిపట్టాడు. లాక్కోవడానికి బలం చాలలేదు. కొట్లాటలో పళ్లెం మీద ఆనిన అతని చేతికి లప్పం అంటుకుని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, సెలూన్ అద్దంలో మాస్కు కిందికి లాగి గన్ మూతిలో 'ఉఫ్'మన్న ముఖం. బొటనవేలితో లప్పాన్ని యంత్రం మూతిలో కూరి, గట్టిగా అదిమాడు.

పెయింటర్ విదిలించుకున్నాడు. పొత్తికడుపులో మోకాలు దిగింది. పిల్లి మేకు కొట్టిన చేతికి వేలాడిపోయాడు.

ఉన్నట్టుండి ఫ్యాను ఆగిపోయింది. అత్తరు అమ్మిన సరుకులో ఒకటైనా నిజమైనది ఉందన్నమాట.

పెయింటర్ ఒక్క క్షణం ఫ్యానుకేసి చూశాడు. తరవాత భుజాలెగరేసి తెర దగ్గరికి నడిచాడు. గుడ్డలు కలిసే చోట చిన్న చీలిక ఉంది. దాని అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, తెల్ల టోపీ, కింద ముడి. అక్క తల!

"ఇప్పుడు చూడండమ్మా" మైకులో అక్క గొంతు పిల్లలతో చెబుతోంది. "ఇది మన డాక్టరు తాతగారు చేసింది. భయం లేదు. ముందు నేను పీలుస్తాను."

చీలికలో యంత్రం పెట్టి పెయింటర్ మీట నొక్కాడు. రాలేదు. మళ్లీ నొక్కాడు. విదిలించి నొక్కాడు. లోపల గుయ్యిమంటోంది గాని తుంపర లేదు. మాస్కు మీది కళ్లలో చిరాకు పుట్టింది. ప్రపంచంలో ఎక్కడైనా, మూసుకుపోయిన గొట్టం చేతిలో ఉన్నవాడి కళ్లలో పుట్టే చిరాకే అది. వాడు తెర నుంచి ఇవతలికి జరిగాడు.

పిల్లి నెత్తురు మింగి, నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఊదకురోయ్" అన్నాడు మెల్లిగా. "డాక్టరుగారు తిడతారు."

శత్రువు వద్దన్న పని చెయ్యకుండా ఉండేవాడు శత్రువే కాదు. పెయింటర్ అసహ్యంగా ఒక చూపు చూసి, మాస్కు గడ్డం కిందికి లాగి, యంత్రం మూతి పెదాల మధ్య పెట్టుకుని, బుగ్గలు పూరించి ఊదాడు. వేలు మీట మీదే ఉంది. లప్పం బిళ్ల టప్‌మని ఎగిరిపోయింది.

ఊదినవాడు మరుక్షణం ఏం చేస్తాడో డాక్టరు చెప్పనే చెప్పాడు. వాడు గుండెల నిండా పీల్చాడు.

వాడి కళ్లు పెద్దవయ్యాయి. విషయం అర్థమైంది, కాని దాంతో చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. గొంతు రెండు చేతులా పట్టుకున్నాడు. రక్కుకున్నాడు. గోళ్లకి చర్మం వచ్చింది. లప్పం పళ్లెం మీద వెల్లకిలా పడి, బూటుకాళ్లు టపటపా కొట్టుకుని, నిలిచిపోయాడు. పిల్లి కళ్లు తిప్పుకోలేదు. డాక్టరు పోయినట్టే పోయాడు వాడు, ఒక్క ఊపిరి తేడా లేకుండా. పిల్లికి జాలి కలగలేదు, సంతోషమూ కలగలేదు.

యంత్రం నేలమీద దొర్లింది. దాని మూతి దగ్గర గాలి ఇంకా సన్నగా మసకేసి ఉంది. ఊపిరి బిగబట్టాలి. ఉబ్బసం మనిషిని ఊపిరి బిగబట్టమనడం కుంటివాణ్ణి పరుగెత్తమనడమే. పిల్లి బిగబట్టాడు. పళ్ల మధ్య ఖాకీ కాలర్ కొరికిపట్టి, అరచేతిలోంచి ఇనుపరేకు పీకాడు. కళ్లముందు నల్లమచ్చలు ఆడుతున్నాయి. యంత్రాన్ని తోకపట్టిన తేలులా రెండు వేళ్లతో ఎత్తి, నిండుగా ఉన్న రంగు బకెట్లో ముంచి, మూత పెట్టి, మూత మీద కూర్చున్నాడు. బకెట్ల పక్కన పడున్న తడి గుడ్డ ముఖానికి అదుముకున్నాడు.

అప్పుడు మైకులో వినబడింది. అక్క ఊపిరి పీల్చిన చప్పుడు, నిదానంగా, నిండుగా. ఆ తరవాత పిల్లల చప్పట్లు.

పిల్లి గుడ్డలో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

కాసేపటికి తెర పక్కనుంచి పట్టుచీర అంచు కనబడింది. ముక్కుకి మాస్కు పెట్టుకున్న అత్తరు శవాన్ని చూసి, పిల్లిని చూసి, కిటికీలు బార్లా తెరిచింది.

"పార్కింగ్‌లో నన్ను అమ్మేశావు" అన్నాడు పిల్లి.

"అమ్మకపోతే ఫ్యాను స్విచ్ నా చేతికిచ్చేవాళ్లా?" చేతిరుమాలు అతని అరచేతికి బిగించి కట్టింది. "ఇద్దర్నే పంపమన్నాను. నలుగురిని పంపుతామన్నారు. బేరమాడి తగ్గించాను. థాంక్స్ చెప్పవేం?"

ఆమె వెళ్లిపోయింది. రుమాలుకి వాన వాసన.

కళ్లు తెరిచేసరికి పిల్లి అదే ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాడు. డొక్కకి పట్టీ, చేతికి కట్టు, ముక్కుకి ప్లాస్టరు. పక్కన అక్క, నడుము మీద చేతులు పెట్టుకుని.

"స్కూటర్ మీంచి పడ్డాడని మీ బ్రాంచి మేనేజరు చెప్పి వెళ్లాడు. అరచేతికి ఆ పక్కనుంచి ఈ పక్కకి చిల్లు పడింది. ఏ స్కూటర్రా అది?"

"పాతది అక్కా."

"నీ ఇన్సూరెన్సు ఉద్యోగం తగలెయ్య! జన్మలో ఒక్కరి ప్రాణమన్నా నిలబెట్టావా? పాలసీలు అంటగట్టడం తప్ప ఏం చేతనవును నీకు?" తిడుతూ తిడుతూనే మంచం అంచున కూర్చుంది. "డాక్టరుగారు ఉండి ఉంటే నిన్నిలా చూసి ఎంత కంగారు పడేవారో. పిల్లలు పీలుస్తుంటే చూడాల్సిందిరా ఆయన. ఒక్క రోజు... ఒక్క రోజు ఉండకూడదూ?"

పిల్లి మంచి చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చెప్పాలనుకున్నవి గొంతుదాకా వచ్చాయి. వాటి బదులు పిల్లికూత వచ్చింది.

"ఇదిగో, మళ్లీ మొదలు" అని అక్క కళ్లు తుడుచుకుని, జేబులోంచి డాక్టరు యంత్రం తీసింది. మందు పోసింది. మీట నొక్కింది. రాలేదు. మళ్లీ నొక్కింది. గుయ్యిమంది గాని తుంపర లేదు. రోజూ వార్డంతా తిరిగి పిల్లలకి వద్దని చెప్పే ఆ హెడ్ నర్సు, కళ్లలో చిరాకుతో, యంత్రాన్ని నోటి దగ్గర పెట్టుకుని, బుగ్గలు పూరించి...

"అక్కా!"

వార్డు దద్దరిల్లింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. పక్క మంచం మీది ముసలాయన లేచి కూర్చున్నాడు.

"ఏమిట్రా ఆ చావుకేక?" అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "లోకమంతా చేసే పనేగా!"

పిల్లి దిండు మీద వాలిపోయి, చెమట తుడుచుకున్నాడు.

"అందుకే అక్కా, పాలసీ తీసుకోమని మొత్తుకునేది."